కార్సెట్ పని నడుము బిగించడం ఒక్కటే కాదు

యూరప్‌లో ఏ కాలంలోనైనా కార్సెట్ (ఆడవాళ్లు ఒంటికి బిగించి కట్టుకునే గట్టి లోదుస్తు) ఉన్నది నడుము సన్నగా చేయడానికేనని మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. 18వ శతాబ్దపు ‘స్టేస్’నే తీసుకోండి, అప్పట్లో కార్సెట్‌ను అలా పిలిచేవారు. తిమింగలం నోట్లో ఉండే బలీన్ అనే గట్టి, వంగే పదార్థాన్ని సన్నటి బద్దలుగా కోసి, పక్కపక్కనే వరసగా కుట్టేవారు. అది వేసుకుంటే ఒళ్లు ముందువైపు చదునుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నబడే శంకువులా కనిపించేది. రొమ్ములు పైకి లేచేవి. 1800 ప్రాంతంలో గౌన్ల నడుము రొమ్ముల కిందికి చేరడంతో బిగింపు అవసరమే తగ్గింది. కార్సెట్ ముందువైపు మధ్యలో నిలువుగా దూర్చిన బద్ద రొమ్ములను విడదీసి నిలబెట్టేది, అంతే. డమరుకం లాంటి నడుము విక్టోరియన్ కాలానిది. తాడు దూర్చే కన్నాలకు లోహపు రింగులు వచ్చాక తాడు గట్టిగా లాగినా గుడ్డ అంత తేలిగ్గా చిరిగేది కాదు.

నాకు బాధనిపించేది 1900 ప్రాంతపు స్ట్రెయిట్ ఫ్రంట్ (ముందువైపు నిటారుగా ఉండే) కార్సెట్. పొట్ట మీద ఒత్తిడి తగ్గుతుందని ప్రచారం చేశారు. తీరా గట్టిగా బిగిస్తే ఛాతీ ముందుకి, పిరుదులు వెనక్కి నెట్టుకుపోయేవి.

ఇంకొకటి, పాత ఫొటోల్లోని సన్నని నడుముల్లో తుంటిని పెద్దగా చూపించడానికి అక్కడ పెట్టుకున్న ప్యాడింగ్ (మెత్తలు) వాటా కూడా ఉంది. దయచేసి వ్యాసంలో అది కూడా చేర్చండి.