గంటలో తేలే పని కాదు
కొత్త ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల ఇల్లులా ఉండే బండి) తీసుకునే ముందు డీలర్ గంటసేపు తిప్పి చూపిస్తే చాలని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ఆ గంటలో ఏ స్విచ్ ఎక్కడుందో చెబుతారు గానీ లోపాలు బయటపడవు. ముందురోజే కరెంటు, నీళ్లు, గ్యాస్ కలిపి ఉంచమని గట్టిగా అడగాలి. గ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్ చల్లబడటానికే చాలా గంటలు పడుతుంది మరి! టెక్సస్‌లో మేం తీసుకున్నప్పుడు, పంపు ఆన్ చేసి చాలాసేపు ఆగాకే సింక్ కింద పైపు జాయింట్ దగ్గర చెమ్మ కనిపించింది. డీలర్ మనిషి అక్కడే బిగించి ఇచ్చాడు. నిచ్చెన వేసుకుని పైకప్పు సీలెంట్ (నీళ్లు లోపలికి కారకుండా అతుకుల్లో పూసే పదార్థం) కూడా చూడండి. టైరు మీద డాట్ కోడ్ (DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్) చివరి 4 అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. సంతకం పెట్టేశాక మాత్రం చిన్న రిపేరుకైనా సర్వీస్ సెంటర్లో వారాల తరబడి బండి వదిలేయాల్సి రావచ్చు, అదీ సరిగ్గా వేసవి సెలవుల్లో.