బీరువాలోని సూక్ష్మదర్శిని గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సూక్ష్మదర్శిని గారి దివ్యసముఖానికి వృక్షశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి చేసుకునే విన్నపం.

తమరు అంబాలా నుంచి థర్మోకోల్ పరుపు మీద పవళించి వేంచేసిన నాటి నుంచి ఇనుప బీరువాలోనే కొలువై ఉన్నారు. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి సొరుగులో ఉంటుంది కనుక తనిఖీ నాడు, ప్రయోగ పరీక్ష నాడు తప్ప తమరి దర్శనం దుర్లభం. సూక్ష్మజీవులను చూపవలసిన తమరు, వానాకాలపు చెమ్మకు సొంత కటకం మీదనే బూజుకు కాపురం పెట్టించారు.

తమరి ఎంపిక వైనం మరీ ముచ్చటైనది. మూడు కొటేషన్లు ముందేసుకున్న కమిటీ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని రెట్లు? 100 రెట్ల వస్తు కటకానికి 10 రెట్ల అక్షి కటకానికి బదులు 20 రెట్లది తగిలిస్తే లెక్క 2000 అవుతుంది గానీ, కాంతి తరంగదైర్ఘ్యమే చూపుకు హద్దు గీస్తుందని 1873లోనే ఎర్నెస్ట్ అబ్బె సూత్రం కట్టాడు. ఆ లెక్కన సుమారు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను తమరు విడదీయలేరు, ఆ మసకనే మరింత పెద్దది చేసి చూపుతారు. ఎంత సన్నటి వివరాన్ని విడదీయగలరో చెప్పేది వస్తు కటకం మీద చెక్కిన 1.25 అనే ఎపర్చర్ అంకె, దాని వైపు ఎవరూ చూడలేదు. స్లయిడుకూ కటకానికీ నడుమ నూనె చుక్క ఉంటేనే ఆ 1.25 దక్కుతుంది, నూనె సీసా కొటేషన్‌లో లేదట.

మొన్నటి పరీక్షలో ఒక అమ్మాయి ఉల్లిపొరకు సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు అద్ది, 40 రెట్ల కటకం కింద పెట్టి, కటకానికీ స్లయిడుకూ ఎడం మార్చే పెద్ద మరను ధైర్యంగా తిప్పింది. కటకానికీ గాజుకూ నడుమ ఉండే ఎడం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కవర్ స్లిప్ టప్పుమంది. తమరిని ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. గైడు చూసి ముందే దించిన బొమ్మకు మార్కులు మాత్రం నిండుగా పడ్డాయి.

బస్టాండు ఎదుట సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడి దగ్గర తమరి దాయాది ఒకరున్నారు. ఆ స్టీరియో మైక్రోస్కోప్ 45 రెట్లు దాటదు. కొనేటప్పుడు అతడు అడిగింది రెట్లు కాదు, కింద సాల్డరింగ్ ఐరన్‌తో చెయ్యి ఆడించే జాగా ఎంత అని. పది సెంటీమీటర్లు ఉంది. ఉదయం నుంచి రాత్రి వరకు దానికి విశ్రాంతి లేదు, బూజు పట్టే తీరికా లేదు.

నిన్న సాయంత్రం బేరాలు లేని వేళ చూసి ఆ అమ్మాయిని అక్కడికి తీసుకువెళ్ళాను. అద్దిన ఉల్లిపొర కింద సెల్‌ఫోన్ లైటు వెలిగించి పెడితే, కణాల గోడలు ఇటుకల వరుసలా కనిపించాయి. బొమ్మ మళ్ళీ వేస్తానని రికార్డు వెనక్కి అడిగింది. అది కూడా తమరి బీరువాలోనే ఉంది.