విల్లా డెస్తేను కింది నుంచి చూడాలి

రోమ్ యాత్రలో ఒక్క పూటలో దగ్గర్లోని తివోలి ఊరికి వెళ్లి, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ విల్లాను, కొండవాలున ఫౌంటెన్ల తోట ఉన్న విల్లా డెస్తే భవనాన్ని కలిపి చుట్టేసే ఏర్పాటును మన సంఘాలు మానుకుంటే మంచిది. మొదటిది ఎండలో గంటల తరబడి నడవాల్సిన శిథిల నగరం. అక్కడ అలసిపోయి రెండోదాని మెట్ల దగ్గరికొస్తే ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. విల్లా డెస్తేకే మూడు గంటలు కావాలి, అదీ సరైన దిశలో నడిస్తేనే.

ఇప్పుడు ప్రవేశం కొండ మీద, భవనం వైపు నుంచి. అందుకే అందరూ దిగుతూ, కనిపించిన ప్రతి ఫౌంటెన్ దగ్గరా ఆగుతారు. కానీ 1550లో తివోలి గవర్నరైన కార్డినల్ ఇప్పోలీతో డెస్తే కోసం వాస్తుశిల్పి పిర్రో లిగోరియో ఈ తోటను కింది ద్వారం నుంచి వచ్చే అతిథి కంటికి తగ్గట్టు గీశాడు. తలెత్తితే అంచెలంచెలుగా నీళ్లు, చిట్టచివర భవనం. పై నుంచి దిగేవారికి ఆ వరస తలకిందులవుతుంది. కాబట్టి ఎక్కడా ఆగకుండా పక్క దారిన చేపల కొలనుల దాకా దిగిపోండి. చూడటం అక్కడ మొదలుపెట్టి పైకి ఎక్కండి.

ఈ నీళ్లకు మోటారు లేదు. అనియేనే నదిని ఊరి కింద తవ్విన సొరంగం గుండా మళ్లించారు. అక్కడి నుంచి అంతా వాలు చేసే పనే. మన గొలుసుకట్టు చెరువుల్లాగే పై ఫౌంటెన్ వాడిన నీరు కింది ఫౌంటెన్‌కు అందుతుంది. ధార ఎంత ఎత్తుకు లేవాలన్నా దాని మూలం అంతకంటే పైన ఉండాలి. ఎత్తయిన ధారలు కింది అంచెల్లో కనిపించడానికి కారణం అదే.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడాల్సింది ఆర్గన్ ఫౌంటెన్ ముందు. ఆర్గన్ అంటే పైపుల్లోకి గాలి పంపి పలికించే వాద్యం. లూక్ లెక్లెర్ మొదలుపెట్టగా క్లోద్ వెనార్ పూర్తిచేసిన ఈ వాద్యంలో, గొట్టంలోకి సుడులు తిరుగుతూ పడే నీరు గాలిని కూడా లోపలికి లాక్కుపోతుంది. మూసిన గదిలో రెండూ విడిపోతాయి. ఒత్తిడికి లోనైన గాలి పైపుల్లోకి వెళ్తుంది. నీరు చక్రాన్ని తిప్పుతుంది. చక్రంతో తిరిగే పీపా మీది మేకులు ఒక్కో స్వరాన్ని తెరుస్తాయి. చాలాకాలం మూగబోయిన ఈ వాద్యం 2003లో మరమ్మతు తర్వాత మళ్లీ పలికింది. సాధారణంగా ఉదయం 10:30 నుంచి రెండు గంటలకోసారి, కొద్ది నిమిషాలే వాయిస్తుంది. మీ నడకంతా ఆ వేళ చుట్టూ అమర్చుకోండి. దాని కింద ఎగిసిపడే నెప్ట్యూన్ ఫౌంటెన్ ముందే జనం ఎక్కువగా గుమిగూడతారు. అదేమో 1927లో అత్తీలియో రొస్సి కట్టినది. అందం తక్కువని కాదు, దాన్ని కార్డినల్ కాలానిదని పిల్లలకు చెప్పకండి.

ఈ నీటిలో సున్నం ఎక్కువ. ధారల నోళ్లలో అది పేరుకుంటే ధార వంకరపోతుంది, సన్నబడుతుంది, ఆగిపోతుంది. శుభ్రం చేయడం ఎడతెగని పని కనుక వెళ్లిన రోజు కొన్ని ఆపి ఉంటే నిరాశపడొద్దు. నూరు ఫౌంటెన్ల వరసలో రోమన్ కవి ఓవిడ్ కథల శిల్పాలు చాలావరకు చెరిగిపోయాయి. మిగిలినవాటిని సున్నం, నాచు కప్పేశాయి. చేత్తో గీకి చూడాలనిపించినా ఆ పని చేయకూడదు.

సోమవారం ఉదయం పెట్టుకోవద్దు, ఆ రోజు మధ్యాహ్నం 2 తర్వాతే తెరుస్తారు. రోమ్ మెట్రో బి లైన్‌లో పోంతే మమ్మోలో దగ్గర దిగితే తివోలి వెళ్లే కొత్రాల్ సంస్థ బస్సు దొరుకుతుంది. తిరుగు టికెట్ కూడా అక్కడే కొనుక్కోండి. రైలైతే తివోలి స్టేషన్ నుంచి నది దాటి నడవాలి. తడి రాళ్ల మీద జారని బూట్లు తప్పనిసరి. చంటిపిల్లల బండి ఇక్కడ పనికిరాదు, ఎత్తుకోవాల్సిందే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అడుగు దాకా దింపకండి. నూరు ఫౌంటెన్ల దారి చదునుగా, సుమారు 100 మీటర్లు ఉంటుంది. ఒక కొసన ఓవాతో జలపాతం, మరో కొసన రోమ్‌కు చిన్న నమూనాగా కట్టిన రోమెత్తా ఫౌంటెన్. వాళ్లు తీరిగ్గా అక్కడ నడుస్తుంటే, కింది నుంచి ఎక్కి వచ్చేవాళ్లు అక్కడే కలుసుకోవచ్చు.