54 ఎం.ఎం.

ముందుగా ఒక మాట. నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బాంబేమీ దొరకలేదు. విశాఖ ఎంవీపీ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో అది చదివి, కింద నాలుగు దండాల బొమ్మలు తగిలించి ముందుకు పంపినవాళ్లు దయచేసి డిలీట్ చేసుకోండి. దొరికింది ఫ్రెంచి సేనాని బుస్సీ దొరగారి పటాలంలో ఒక ముక్క. పన్నెండు మంది. ఒక్కొక్కడూ నా చూపుడువేలంత కూడా ఉండడు.

నేను బొమ్మ సైనికులను పోగేస్తాను. నా వయసువాళ్లు బీచ్ రోడ్డు మీద షుగర్ కోసం నడుస్తుంటారు, లేదా భోగాపురం వైపు స్థలాలు చూస్తుంటారు. నేను బాల్కనీలో ప్లైవుడ్ చెక్క మీద బొబ్బిలి యుద్ధం కడుతున్నాను. 1757 జనవరి 24. కోటలో రంగారాయుడి మనుషులు, బయట విజయనగరం సైన్యం, వాళ్లకు తోడుగా ఫిరంగులతో ఫ్రెంచివాళ్లు. చిక్కేమిటంటే, నెపోలియన్ సైన్యంలో ప్రతి బాకా ఊదేవాడికీ ఏదో ఒక కంపెనీ బొమ్మ పోసింది గానీ, తాండ్ర పాపారాయుడు మాత్రం ఏ క్యాటలాగ్‌లోనూ నాకు కనబడలేదు. అందుకని దొరికినవాడి టోపీ గీకేసి, కుళాయి కారితే పెట్టే ఎం-సీల్‌తో తలపాగా చుడతాను. ఇంట్లో కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది. ఆ సంగతి మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ, కాఫీ కంటే ముందు అందిస్తుంది.

ఫ్రెంచివాళ్లను తయారు చేయడం నావల్ల కాలేదు, ఆ మూడు మూలల టోపీ ఎం-సీల్‌కి లొంగదు. ఇంగ్లాండు నుంచి తెప్పించాను. నిన్న వచ్చారు. నేను ద్వారకానగర్‌లో ఉన్నాను, మా ఆవిడ రైతు బజార్‌కి వెళ్లింది, కొరియర్ కుర్రాడు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆ పెట్టె మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారి చేతికి ఎలా వెళ్లిందో, ఆయన చదువుకునే కళ్లజోడు ఎవరు తెచ్చిచ్చారో నాకు తెలీదు. నాకు తెలిసింది వాచ్‌మన్ ఫోను ఒక్కటే. "బాబూ, బేగొచ్చీండి. మీ పేరున తుపాకులోలు ఒచ్చినారంట."

వచ్చి చూద్దును కదా, సెల్లార్‌లో నా కారు ఉండాల్సిన చోట నా పార్సిల్ ఉంది. దాని చుట్టూ నాలుగు ఎర్ర ఇసుక బకెట్లు, నాలుగు దిక్కులా, వాస్తు ప్రకారం పెట్టినట్టే ఉన్నాయి. (ఆ బకెట్లను ఈ అపార్ట్‌మెంట్‌లో ఒక పనికి వాడడం చూడడం ఇదే మొదలు. ఇంతవరకూ అవి సిగరెట్ పీకలకు మాత్రమే.) కార్ల వెనక, స్తంభాల వెనక జనం. అందరికంటే ముందు, చేతిలో గొడుగుతో, ప్రెసిడెంట్ గారు. ఆయన ఏదో ఆఫీసులో స్టోర్స్ సెక్షన్ చూసి రిటైరయ్యారు. సెక్షన్ ఆయన్ని రిటైర్ చేసింది గానీ ఆయన సెక్షన్‌ని రిటైర్ చేయలేదు.

"ఇదేంటండీ?" అని గొడుగుతో లేబుల్ చూపించారు. కస్టమ్స్ కాగితం మీద ఇంగ్లిష్‌లో ఉంది: మెటల్, ఫ్రెంచ్ ఇన్‌ఫాంట్రీ, 54 ఎం.ఎం., 12 పీసెస్. ఆ 54 ఎం.ఎం. దగ్గర గొడుగు రెండుసార్లు తట్టింది. అప్పటికే ఆయన జనానికి ఒక క్లాసు తీసుకున్నారట: మామూలు పిస్తోలు 9 ఎం.ఎం., కాబట్టి 54 అంటే దానికి ఆరింతలు, అలాంటివి 12. లెక్కలో తప్పులేదు, అదే నా బాధ.

54 అన్నది ఎత్తండీ, అన్నాను. తూటా వెడల్పు కాదు, మనిషి ఎత్తు. అరికాలి నుంచి కంటిదాకా కొలుస్తారు కొందరు, తలదాకా కొలుస్తారు కొందరు, దాని మీద పెద్దవాళ్లు మాటలు మానుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంగ్లాండులో విలియమ్ బ్రిటన్ అనే బొమ్మల కంపెనీ 1893లో కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగతాది వెనక్కి ఒంపేసి, లోపల డొల్లగా ఉండే సైనికులను మొదలుపెట్టింది. సీసం తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. వాళ్ల సైజు ఇదే, అందరికీ అదే అలవాటైపోయింది. ఇంత చెప్పాను. పెద్దాయన అందులోంచి ఒక్క మాట ఏరుకున్నారు.

"సీసమా? పిల్లలున్న బిల్డింగులో సీసమా?"

1966లోనే అక్కడ సీసం బొమ్మలు ఆగిపోయాయనీ, ఇది తగరం కలిసిన వేరే లోహం అనీ చెప్పబోయాను. సెల్లార్‌లో అప్పటికే చంటిపిల్లల్ని ఎత్తుకుని పైకి వెళ్లిపోతున్నారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇది ఏ ఊరో గుర్తు చేసుకోండి. ఈ ఊళ్లో 91 మీటర్ల అసలైన జలాంతర్గామిని, కురుసురాని, తెచ్చి ఇసుకలో కూర్చోబెట్టాం; 2002 నుంచి జనం టికెట్ కొని దాని కడుపులో దూరి బయటికొచ్చి మొక్కజొన్న పొత్తు తింటున్నారు. రోడ్డుకి ఇవతల టీయూ-142 విమానం రెక్కలు చాపి నిలబడి ఉంది. ఏటా నేవీ డే విన్యాసాలకు సముద్రం మీద ఢాం ఢాం అంటుంటే, ఇదే ప్రెసిడెంట్ గారు మడత కుర్చీ పట్టుకెళ్లి ముందు వరసలో కూర్చుంటారు. ఆ మనిషికి, రెండు అంగుళాల ఫ్రెంచివాడు, అదీ రంగు వేయనివాడు, ఇసుక బకెట్లు కావలసినంత భయం.

సరే, విప్పమన్నారు. అలా కాదు, ఐటమ్ వైజ్. నేను ఒక్కో బొమ్మనీ బబుల్ ర్యాప్ లోంచి తీసి పైకెత్తి చూపించాలి, ఆయన ఇన్‌వాయిస్ మీద టిక్ పెట్టాలి. చూపించాను. మొదటివాడు తుపాకీ భుజాన వేసుకుని ఉన్నాడు. టిక్. రెండోవాడు మోకాలి మీద కూర్చుని గురిపెట్టాడు. ఎవరివైపు పెట్టాడో చూసుకోకుండా ఎత్తాను, స్కూటీ వెనకున్న ఆవిడ నిజంగానే తల వంచారు. టిక్. భయం తగ్గి జనం దగ్గరికి రావడం మొదలైంది, నా అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

"ఇవి పిల్లలకా అండీ?"

"కాదండీ, పిల్లల్ని ముట్టుకోనివ్వను."

"బొమ్మలకొలువుకా?"

"కాదండీ."

"మరి మీరే ఆడుకుంటారా?"

"ఆడుకోనండీ. పెట్టుకుంటాను."

"పెట్టుకుని?"

ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా మంచి జవాబు ఉంది. స్నానం చేస్తున్నప్పుడు చెప్పుకుంటూ ఉంటాను. మూడు సున్నాల సన్నటి బ్రష్షుతో కంట్లో నల్లచుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబడతాం, ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకి జరిగితే వీరుడు కాస్తా మెల్లకన్నువాడు అయిపోతాడు, సరిగ్గా పడితే అప్పటిదాకా లోహం ముక్కగా ఉన్నవాడు మనవైపు చూస్తాడు. బొత్తాలు ఇత్తడివా తగరానివా అని తెలుసుకోవడానికి మొదలుపెట్టి ఆ దండయాత్ర మొత్తం చదివేస్తాం, స్కూల్లో నాలుగు మార్కుల ప్రశ్నగా వదిలేసిన యుద్ధం ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. పైగా ఈ జబ్బు కొత్తది కాదు: ఈజిప్టులో అస్యూత్ దగ్గర మెసెహ్తి అనే అధికారి సమాధిలో, దాదాపు 4,000 ఏళ్ల కిందటివి, చెక్కతో చేసిన 40 మంది బల్లెంవాళ్లు, 40 మంది విలుకాళ్లు వరసల్లో నడుస్తూ దొరికారు. చచ్చిపోయాక కూడా వదిలిపెట్టలేదన్నమాట, ఆయన వెంట తీసుకుపోయాడు. ఇదంతా చెప్పాలి. నోరు తెరిస్తే వచ్చింది ఏమిటంటే:

"టైంపాస్ అండీ."

స్కూటీ ఆవిడ జాలిగా తలూపారు.

ఇంతలో పెద్దాయన కేక. "పదకొండే ఉన్నాయి! ఒకటి మిస్సింగ్!" జనం మళ్లీ స్తంభాల వెనక్కి. రష్యాలో తర్వాత మూడో పీటర్ చక్రవర్తి అయినాయన ఒకడు ఉన్నాడు, పెళ్లయ్యాక కూడా బొమ్మ సైనికులతోనే కాలక్షేపం. అట్టకోట మీద కాపలా ఉన్న ఇద్దరిని ఎలుక తినేసిందని, దాన్ని సైనిక చట్టం ప్రకారం విచారించి గదిలోనే ఉరి తీయించాడు. వాళ్లావిడ కేథరిన్ అది తన జ్ఞాపకాల్లో రాసిపెట్టింది (భార్యలు ఏదీ మర్చిపోరు). పీటర్ ఎలా ఉండేవాడో నాకు ఇన్నాళ్లూ ఊహకి అందలేదు, నిన్న గొడుగుతో సహా చూశాను. పన్నెండోవాడు డప్పువాడు, బబుల్ ర్యాప్ మడతలో ఇరుక్కున్నాడు. నేను జాగ్రత్తగా విప్పుతుంటే, "ఇటివ్వండి" అని ఆయన పెట్టెని తలకిందులు చేసి దులిపారు. డప్పువాడు పడ్డాడు. విడిగా ప్యాక్ చేసి పంపిన వాడి కుడిచెయ్యి, డప్పుకర్రతో సహా, ఎగిరి ఇసుక బకెట్లో పడింది. టిక్.

అయిపోయిందనుకున్నాను. ఇన్‌వాయిస్ చేతిలో ఉన్న స్టోర్స్ మనిషి రేటు కాలమ్ చూడకుండా ఉంటాడా. "24 పౌండ్లు ఈచ్, అని ఉంది. పౌండు అంటే ఎంత బాబూ ఇప్పుడు?" అని పైకి చూశారు. మూడో అంతస్తు కుర్రాడు, హైదరాబాద్ ఉద్యోగం ఇంట్లోంచి చేస్తాడు, మామూలుగా గుడ్ మార్నింగ్ చెబితే పలకడు. వాడు ఫోన్లో చూసి, సెల్లార్ మొత్తానికి వినబడేలా చెప్పాడు: "ఒక్కోటి మూడువేలకి కొంచెం తక్కువ అంకుల్. మొత్తం ముప్పై దాటుతుంది."

సరిగ్గా ఆ క్షణంలోనే, ఎందుకు ఆ క్షణంలోనే అని నన్నడక్కండి, ర్యాంపు మీదుగా మా ఆవిడ రైతు బజార్ సంచులతో దిగుతోంది. ఒక్కో బొమ్మ రెండొందలని ఆవిడ దగ్గర ఉన్న సమాచారం. ఇంతకుముందోసారి ఈ విషయం మీదే మాట వస్తే చర్చిల్‌ని అడ్డం పెట్టుకున్నాను: చిన్నప్పుడు ఆయన దగ్గర దాదాపు 1,500 మంది బొమ్మ సైనికులు ఉండేవారు, వాళ్లను చూసే తండ్రి ఆయన్ని మిలిటరీకి పంపాడు, తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు అని. "అప్పటికి ఆయనకి పెళ్లి కాలేదు కదండీ" అని బీరకాయ తొక్కు తీసుకుంటూ పోయింది.

నిన్న ఏమీ అనలేదు. ప్రెసిడెంట్ గారి దగ్గరికి వెళ్లి, "ఆ కాగితం ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ" అని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. రాత్రి అది బీరువాలో, తన నగల రసీదుల కవర్లోకి చేరింది. తులం రేటు ఎంతుందో టీవీలో రెండుసార్లు చూసింది. నాతో ఆ విషయం ఎత్తలేదు.

అసోసియేషన్ మాత్రం ఎత్తింది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోతోందని ఎండాకాలం నుంచి మొత్తుకుంటుంటే పలకని గ్రూపులో, అరగంటలో నోటీసు వచ్చింది: ఆయుధాలు గానీ, ఆయుధాలు పట్టుకున్న వస్తువులు గానీ తెప్పించుకునే సభ్యులు ముందుగా ఆఫీసులో తెలియజేయవలెను. ఆ లెక్కన పై అంతస్తు వాళ్ల పూజగదిలో దుర్గమ్మకి ఎవరు పర్మిషన్ ఇచ్చారో అడుగుదామనుకుని, ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున్న జల్లెడ పట్టుకుని సెల్లార్‌కి వెళితే, ఇసుక అసోసియేషన్ ఆస్తి అట, ముట్టుకోవాలంటే లెటర్ పెట్టుకోవాలట. పెట్టాను. విషయం అన్నచోట, ‘రెండో నంబరు ఇసుక బకెట్లో ఉన్న ఫ్రెంచి సైనికుడి కుడిచెయ్యి గురించి’ అని రాశాను. సెక్రటరీ గారు చదివి, దీనికి ఎఫ్ఐఆర్ కాపీ జతచేశారా అని అడుగుతున్నారు.