సవరణ: ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ కాదు

ఒక సిస్టమ్‌కు తగిలించిన షేరింగ్ ప్రింటర్ పక్క సిస్టమ్‌లో దొరక్కపోతే విండోస్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపేయండి, కాసేపటికి అదే ఆన్ అవుతుందని నల్గొండ, మిర్యాలగూడ నెట్ సెంటర్ల వాళ్లకు మొన్న రాశాను. అది తప్పు. మైక్రోసాఫ్ట్ సహాయ పేజీల ప్రకారం, అట్లా తిరిగి ఆన్ అయ్యేది విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లోని రియల్-టైమ్ ప్రొటెక్షన్. ఫైర్‌వాల్ మాత్రం మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటది. నా మాట విని ఆపినవాళ్లు ముందు ఆన్ చేయండి.

అసలు ఆపే పనే లేదు. ప్రింటర్ తగిలించిన సిస్టమ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి పోయి, కనెక్షన్ ‘పబ్లిక్’ అని ఉంటే ‘ప్రైవేట్’ చేయండి. పబ్లిక్‌లో ఉన్న సిస్టమ్ పక్కదానికి కనబడదు, చాలాసార్లు చిక్కంతా ఇక్కడే. ఇంకా దొరక్కపోతే విండోస్ సెక్యూరిటీలో ‘అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్’ తెరిచి, ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కి, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ ఎదురుగా ప్రైవేట్ గడిలో టిక్ పెట్టండి. పబ్లిక్ గడి జోలికి పోవద్దు.