టాప్ తెర మీద కొలువుండే ‘75 శాతం ఐడిల్’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 75 శాతం ఐడిల్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలెట్టడం ఆనవాయితీ. తమరు, రూటర్ సీపీయూ ఎంత ఖాళీగా ఉందో చెప్పే అంకె గారు, ఎప్పుడూ కుశలమే. కష్టమంతా తమరి కొలువులో ఉన్న మొదటి కోరు, సీపీయూ 0 గారిది. ఆయన నోరు విప్పి చెప్పుకోలేడు కాబట్టి ఆయన తరఫున ఈ విన్నపం.

ఇంటికి గిగాబిట్ ఫైబర్ వచ్చింది. గోడకి నాలుగు కోర్ల చిన్న లైనక్స్ రూటర్ తగిలించారు. డౌన్‌లోడ్ మాత్రం 400 మెగాబిట్ల దగ్గర మొండికేసింది. ఇంటాయన ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే దారి) లోపలికెళ్లి, సీపీయూ పని ఎంతో చూపించే ‘టాప్’ కమాండ్ కొడతాడు. పైవరసలోనే తమరి దర్శనం. 75% ఐడిల్, అంటే ముప్పాతిక ఖాళీ! ఇంకేం, రూటర్‌కి క్లీన్‌చిట్, కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోను. వాళ్లు ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్’ అంటారు. ఆన్ అయ్యేసరికి కౌంటర్లన్నీ సున్నాకి వస్తాయి, ర్యామ్‌లో ఉన్న లాగ్ గాల్లో కలుస్తుంది. సాక్ష్యాలన్నీ శుభ్రంగా కడిగేశాక విచారణ మొదలవుతుంది.

తమరు అబద్ధం చెప్పారని ఎవరూ వేలెత్తి చూపలేరు. నలుగురు గుమాస్తాలున్న ఆఫీసులో ఒకడు ఫైళ్ల కింద నలిగిపోతూ, మిగతా ముగ్గురూ ఫ్యాను కింద గోళ్లు గిల్లుకుంటుంటే, ‘మా సిబ్బందిలో ముప్పాతిక వంతు ఖాళీ’ అని పైకి రాసిన నివేదిక లాంటివారు తమరు. కూడికా సరే, భాగహారమూ సరే, ఫైలు మాత్రం కదలదు.

తమరి పక్కనే ‘ఎస్ఐఆర్‌క్యూ’ అని, ప్యాకెట్లు మొయ్యడం లాంటి సాఫ్ట్‌ఐఆర్‌క్యూ పనికి పోయిన సమయం చెప్పే ఇంకో అంకె ఉంటుంది. దాన్ని చూసే నాథుడు లేడు. వందని కోర్ల సంఖ్యతో భాగించండి: నాలుగు కోర్లకి 25, రెండింటికి 50, ఆరింటికి 17 లోపు. లోడ్ పెట్టినప్పుడు ఎస్ఐఆర్‌క్యూ ఎక్కి ఎక్కి సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగిపోయిందంటే ఒక కోరు పూర్తిగా నిండిపోయిందనే అనుకోవాలి. కింద ప్రాసెస్‌ల జాబితాలో వెతికితే దొంగ దొరకడు. ప్యాకెట్ల పని చాలావరకు సాఫ్ట్‌ఐఆర్‌క్యూలో, అంటే కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లోపల, ఎవరి పేరు మీదా కాకుండా జరిగిపోతుంది. పని మరీ మీద పడినప్పుడే ‘కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ/0’ అనే బక్కప్రాణి జాబితాలో తేలుతుంది. ఆ పేరు చూసి వైరస్ అనుకుని చంపబోయేవాళ్లూ ఉన్నారు.

కోర్లని విడివిడిగా చూడాలంటే మామూలు టాప్‌లో 1 నొక్కితే చాలు. రూటర్లలో ఉండే బిజీబాక్స్ (చిన్న పరికరాల కోసం కుదించిన కమాండ్ల మూట) టాప్ కొన్నిసార్లు ఆ 1కి ఉలకదు పలకదు. అప్పుడు హెచ్‌టాప్ అనే ఇంకో ప్రోగ్రామ్ వేసుకుని, ఎఫ్2 సెట్టింగుల్లో వివరమైన సీపీయూ టైమ్ చూపించమని టిక్కు పెట్టాలి. రూటర్‌లో దానికి జాగా లేదంటే ‘/ప్రాక్/స్టాట్’ ఫైల్లో సీపీయూ0, సీపీయూ1 వరసల్ని పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి తేడా చూస్తే సరి. పేరు తర్వాత ఏడో అంకె సాఫ్ట్‌ఐఆర్‌క్యూ, నాలుగోది ఐడిల్. అక్కడ తమరి ఆటలు సాగవు.

సీపీయూ 0 గారి రోజుకూలీ ఎంతో తమరికి తెలుసా? 1500 బైట్ల ప్యాకెట్ తీగ మీద అన్ని హంగులతో 1538 బైట్లు అవుతుంది. ఆ లెక్కన గిగాబిట్ నిండాలంటే సెకనుకి 81,274 ప్యాకెట్లు. ఎమ్‌టీ7621 లాంటి 880 మెగాహెర్ట్జ్ చిప్పులో ఒక కోరు వాటా ప్యాకెట్‌కి దాదాపు 10,800 సైకిళ్లు (గడియారం టిక్కులు). వినడానికి ఘనంగా ఉంది. ఆ సైకిళ్లలోనే ప్యాకెట్‌ని రింగ్‌లోంచి (ప్యాకెట్లు వచ్చి పడే వరస) తియ్యాలి, వీల్యాన్ (ఒకే తీగలో వేరు చేసిన నెట్‌వర్క్) ట్యాగు విప్పాలి, కాన్‌ట్రాక్‌లో (కనెక్షన్ల చిట్టా) వెతకాలి, ఫైర్‌వాల్ నియమాలు దాటించాలి, న్యాట్‌లో చిరునామా మార్చాలి, చెక్‌సమ్ (తప్పులు పట్టే అంకె) దిద్దాలి, పీపీపీఓఈ (కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గర లాగిన్ అయ్యే పద్ధతి) ఉంటే ఎనిమిది బైట్ల టోపీ తియ్యడమో పెట్టడమో చెయ్యాలి, అవతలి క్యూలో పడెయ్యాలి. ఎదురొచ్చే ఏక్‌ల (అందిందని చెప్పే రసీదులు) పని అదనం. అదే 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే సెకనుకి 14.88 లక్షలు, వాటా 590 సైకిళ్లకి పడిపోతుంది. ర్యామ్ దాకా కొన్నిసార్లు పోయొచ్చేసరికే అవి ఖర్చయిపోతాయి. పైగా ఎమ్‌టీ7621లో నాలుగు సీపీయూలని చూపించేవి నిజానికి రెండు కోర్లు, ఒక్కోదానికి రెండు థ్రెడ్లు. అంటే అక్కడ తమరి 75లో కూడా కొంత గాలే.

ఈ వివాదంలో తమరికి బొత్తిగా సంబంధం లేని కేసు ఒకటుంది, ముందే పక్కన పెట్టేద్దాం. వేగం 94 మెగాబిట్ల దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే సీపీయూని అనుమానించకండి. ‘ఈథ్‌టూల్’ కమాండ్‌ని అడిగితే ఆ పోర్టు 100 మెగాబిట్లలో కలిసిందని చెబుతుంది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. క్రింపింగ్ చేసినవాడు 1, 2, 3, 6 పిన్నులకే తీగలు పెట్టి చేతులు దులుపుకుని ఉంటాడు, లేదా ఒక జత తెగి ఉంటుంది. ఆర్‌జే45 కనెక్టరు మళ్లీ కొట్టించండి. గిగాబిట్‌లో నిక్కమైన టీసీపీ గరిష్ఠం దాదాపు 940. అంతకి మించి ఆశించడం అత్యాశ.

ఇక కొలిచే పద్ధతి. వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌ని రూటర్ మీదే నడిపి ‘రూటర్ ఇంతే లాగుతోంది’ అనేవాళ్లు తమరి భక్తులే. అలా చేస్తే రూటర్ ప్యాకెట్లని దాటించడం మానేసి తనే పుట్టించడమో మింగడమో చేస్తుంది; అది వేరే పని, వేరే ఖర్చు. ఒక ల్యాప్‌టాప్ వ్యాన్ (బయటి లైను) పోర్టు వైపు, ఇంకొకటి ల్యాన్ (ఇంటి) వైపు పెట్టండి. సర్వర్ వ్యాన్ వైపే ఉండాలి, లేకపోతే ఫైర్‌వాల్ గుమ్మంలోనే ఆపేస్తుంది. ఐపెర్ఫ్3 కమాండ్‌లో మైనస్ పెద్ద ఆర్ ఇస్తే డౌన్‌లోడ్ దిశ. ముందు ఒకే స్ట్రీమ్‌తో (కనెక్షన్) 30 సెకన్లు, తర్వాత మైనస్ పెద్ద పీ 4తో 30 సెకన్లు. యూడీపీ (అందిందో లేదో అడగకుండా పంపే పద్ధతి) పరీక్షలో వేగం చెప్పకపోతే ఐపెర్ఫ్3 సొంత నిర్ణయంతో 1 మెగాబిట్ మాత్రమే పంపుతుంది. దాన్ని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఈ బల్ల మీది పరీక్షలో 900 వచ్చి, అసలు లైనులో 500 వస్తే, పీపీపీఓఈ ఖర్చుని మొదట అనుమానించాలి.

నాలుగు స్ట్రీములు ఒకదానికంటే బాగా ఎక్కువ లాగితే పని కోర్ల మధ్య పంచుకుంటోందన్నమాట. నాలుగైనా ఒకటైనా అదే అంకె, ఎస్ఐఆర్‌క్యూ కూడా అదే గోడకి కొట్టుకుంటోందంటే, బండి మొత్తం ఒక్కరే లాగుతున్నారు. అప్పుడు, ‘ప్యాకెట్ వచ్చింది’ అని కార్డు సీపీయూని తట్టే ఇంటరప్టులని లెక్కబెట్టే ‘/ప్రాక్/ఇంటరప్ట్స్’ తెరవండి. ఈథర్‌నెట్ వరసలో సీపీయూ0 కింద కోట్లు, మిగతావాళ్ల కింద సున్నాలు! ఇంతకన్నా ఏ సాక్ష్యం కావాలి?

నానోపై ఆర్4ఎస్ అనే చిన్న బోర్డు సంగతి మరీ విడ్డూరం. అందులోని ఆర్‌కే3399 చిప్పులో ఏ53 చిన్న కోర్లు నాలుగు (0 నుంచి 3), ఏ72 పెద్ద కోర్లు రెండు (4, 5). ఎవరూ చెప్పకపోతే ఇంటరప్టులు చిన్నవాడి నెత్తినే పడతాయి, పెద్దన్నలిద్దరూ విశ్రాంతి తీసుకుంటారు, తమరు 83 శాతమని ఇంకా గర్వంగా నిలబడతారు. రెండు నెట్‌వర్క్ కార్డుల ఇంటరప్టుల నంబర్లు చూసి, ఏ కోరుకి అప్పజెప్పాలో చెప్పే ‘ఎస్ఎమ్‌పీ_అఫినిటీ’ ఫైళ్లలో ఒకదాంట్లో 10, రెండోదాంట్లో 20 రాయాలి. అవి హెక్సాడెసిమల్ ముసుగులు: 10 అంటే సీపీయూ 4, 20 అంటే సీపీయూ 5. పదో కోరు, ఇరవయ్యో కోరు అని వెతక్కండి. కొన్ని చిప్పుల్లో ఆ ఇంటరప్టు కదలనంటే కదలదు, రాయబోతే ఎర్రర్ కొడుతుంది. అక్కడ ఆర్‌పీఎస్ (వచ్చిన ప్యాకెట్లని కెర్నెలే కోర్లకి పంచే ఏర్పాటు) దిక్కు: రిసీవ్ క్యూలోని ‘ఆర్‌పీఎస్_సీపీయూస్’లో నాలుగు కోర్లకయితే ‘ఎఫ్’ అని, సీపీయూ 0 గారికి మినహాయింపు ఇవ్వాలంటే ‘ఈ’ అని రాయండి. రూటర్ల కోసం చేసిన లైనక్స్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో దీన్నే ప్యాకెట్ స్టీరింగ్ అంటారు. ఇంటరప్టులని పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ ప్యాకేజీ వేసి ‘ఇక అంతా సమానం’ అని నిద్రపోయేవాళ్లకి ఒక మాట: అది అక్కడ ‘ఎనేబుల్డ్ 0’ తోనే వస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో 1 చేసేదాకా తమరిలాగే అదీ ఐడిల్.

ఆర్‌పీఎస్ ఒక కనెక్షన్‌ని ముక్కలు చెయ్యదు. ప్యాకెట్ల వరస తప్పకుండా ఒక ఫ్లోని ఒకే కోరుకి అప్పజెబుతుంది. అందుకే ఒకే స్ట్రీమ్ పరీక్షలో పెద్దగా లాభం కనబడదు. పీపీపీఓఈ ఉన్నచోట దీని విలువ తెలుస్తుంది. చాలా నెట్‌వర్క్ కార్డులు పీపీపీఓఈ పొర లోపలికి చూడలేక, హార్డ్‌వేర్ క్యూలు నాలుగున్నా అన్నీ ఒకదాంట్లోనే తోస్తాయి. కెర్నెల్ మాత్రం లోపలి చిరునామాలు చదివి పంచగలదు. పంచారో లేదో ‘సాఫ్ట్‌నెట్_స్టాట్’ ఫైలు చెబుతుంది. వరసకొక సీపీయూ, అంకెలు హెక్స్‌లో. రెండో గడి పెరిగితే ప్యాకెట్లు నేలపాలు. మూడోది పెరిగితే ఒక విడతకి ఇచ్చే 300 ప్యాకెట్ల బడ్జెట్టో సమయమో చాలక పని మధ్యలో ఆగిందని. బడ్జెట్‌ని 600 చెయ్యొచ్చు, కానీ కోరు ఇప్పటికే నిండి ఉంటే ఒరిగేదేమీ లేదు.

తమరికి నచ్చే వార్త కూడా ఒకటుంది. 18.06 వెర్షన్ నుంచి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఉంది. కనెక్షన్ స్థిరపడ్డాక మిగతా ప్యాకెట్లు ఫైర్‌వాల్ గుమ్మాలన్నీ ఎక్కి దిగకుండా అడ్డదారిన పోతాయి. ఎమ్‌టీ7621లో హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ కూడా పెడితే అవి సీపీయూ మొహమే చూడవు, తమరు 99కి చేరతారు, ఈసారి న్యాయంగానే. అయితే సీపీయూ చూడని ప్యాకెట్‌ని లైనుని అందరికీ సమంగా పంచే కేక్ క్యూ కూడా చూడదు. ఎస్‌క్యూఎమ్ (కేక్‌ని నడిపే ఏర్పాటు) పెట్టి, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ కూడా పెట్టి, ‘వీడియో కాల్ ఎందుకు తడబడుతోంది’ అని అడగడం అవ్వా కావాలి, బువ్వా కావాలి అనడమే. 100 మెగాబిట్ల లైనుకి నా ఓటు కేక్‌కే, లైను వేగంలో 90 శాతం దగ్గర కట్టేసి. గిగాబిట్ లైను, బక్క చిప్పు అయితే ఆఫ్‌లోడ్ పెట్టుకుని కేక్‌కి నమస్కారం పెట్టండి.

చివరి ఫిర్యాదు గడియారం మీద. తమరు శాతమే కానీ దేనిలో శాతమో చెప్పరు. కోరు 408 మెగాహెర్ట్జ్‌లో కునుకుతున్నా, 1800లో పరిగెడుతున్నా తమరి అంకె ఒకేలా మెరుస్తుంది. లోడ్ నడుస్తుండగానే ‘స్కేలింగ్_కర్_ఫ్రీక్’ (ఇప్పటి వేగం), ‘థర్మల్_జోన్0’ కింద ‘టెంప్’ (వేడి) రెండూ చదవాలి. టెంప్‌లో 82000 అంటే 82 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో, టీవీ షోకేసులో సెట్‌టాప్ బాక్సు నెత్తిన, లేసు గుడ్డ కప్పిన రూటర్ ఆ అంకె చేరి గడియారం తగ్గించుకుంటే అందులో దాని తప్పేముంది? ఆ గుడ్డ తీసేసి మళ్లీ కొలవండి.

ఇట్లు,
సీపీయూ 0 తరఫున, ఆయన అనుమతి తీసుకునే తీరిక ఆయనకి లేనందున తీసుకోకుండానే.

తా.క.: ఆర్చర్ సీ7 లాంటి పాత రూటర్లలో కోరు ఒక్కటే. అక్కడ తమరు సున్నా అంటే సున్నాయే. సగటు తియ్యడానికి పక్కన రెండోవాడు లేడు. కొలిచేటప్పుడు బ్రౌజర్లో లూసీ (ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వెబ్ సెట్టింగులు) స్టేటస్ పేజీ మూసెయ్యమని మాత్రం చెప్పండి, అది కొన్ని సెకన్లకోసారి వచ్చి ఆ ఒక్కడినీ పలకరిస్తూ ఉంటుంది.