బీ-ఫారం ఇవ్వని చేతులే ‘ముందుకు రండి’ అంటున్నాయి

మహిళలు రాజకీయాల్లోకి రావాలని పిలుపునివ్వని పార్టీ ఈ దేశంలో లేదు. మార్చి 8 వచ్చిందంటే చాలు, పార్టీ ఆఫీసుల్లో శాలువాలు, సన్మానాలు, ‘మీరంతా ధైర్యంగా ముందుకు రావాలమ్మా’ అంటూ ప్రసంగాలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పిలుపు లోపల ఒక నింద ఉంది. చట్టసభల్లో ఆడవాళ్లు తక్కువగా ఉన్నారంటే వాళ్లకు ధైర్యం చాలకే, ఆసక్తి లేకే అని అది చెప్పకనే చెబుతోంది. పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ల ముప్పయ్యేళ్ల అనుభవం తర్వాత కూడా ఈ మాట అంటున్నారంటే తెలియక అంటున్నది కాదు. టికెట్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో అటువైపు మన చూపు పోకుండా ఉండటానికి అంటున్నది.

2024 లోక్‌సభ ఎన్నికలనే చూడండి. 8,300 మందికి పైగా పోటీ చేస్తే అందులో మహిళలు సుమారు 800. పది మందిలో ఒక్కరు కూడా కాదు. సుమారు 150 నియోజకవర్గాల్లో ఓటింగ్ యంత్రం మీద ఒక్క మహిళ పేరు కూడా లేదు. గెలిచినవాళ్లు 543లో 74 మంది. అంతకుముందు 2019లో 78 మంది. ఓటు వేయడంలో మాత్రం మహిళలు వెనకబడలేదు. ఈ రెండు ఎన్నికల్లోనూ వాళ్ల పోలింగ్ శాతమే రవ్వంత ఎక్కువ.

ఇక పార్టీల సంగతి. లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించేందుకు 2023 సెప్టెంబర్‌లో తెచ్చిన 106వ రాజ్యాంగ సవరణకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా ఓటేశారు. వద్దన్నవాళ్లు ఇద్దరే. ఆరేడు నెలలు తిరిగేసరికి ఎన్నికలొచ్చాయి. మూడో వంతుకు చేతులెత్తిన పార్టీల్లో బీజేపీ తాను పోటీ చేసిన దాదాపు 440 స్థానాల్లో 69 చోట్ల, కాంగ్రెస్ దాదాపు 330 స్థానాల్లో 41 చోట్ల మహిళలను నిలబెట్టాయి. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయితేగానీ చట్టం అమల్లోకి రాదు కదా అంటారు. నిజమే, ఆ మెలిక చట్టంలోనే పెట్టారు. కానీ జనగణన అయ్యేదాకా మహిళలకు టికెట్లు ఇవ్వకూడదని ఏ చట్టంలో ఉంది? ఆ సవరణ రాజ్యసభకు, శాసన మండళ్లకు అసలు వర్తించదు. అక్కడ పునర్విభజన గొడవే లేదు, సామాన్య ఓటర్ల దగ్గరికెళ్లి ఓట్లు అడుక్కునే పని కూడా చాలావరకు లేదు. పార్టీ తలుచుకుంటే చాలు. తలుచుకోవడం లేదు.

ఇప్పుడు ఊళ్లవైపు చూద్దాం. దేశంలోని పంచాయతీరాజ్ సంస్థల్లో 14 లక్షలకు పైగా మహిళా ప్రజాప్రతినిధులున్నారు. మొత్తంలో ఇది 46 శాతం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. వీళ్లంతా ఎక్కడినుంచి వచ్చారు? నామినేషన్ వేశారు, ఇంటింటికీ తిరిగి ఓట్లడిగారు, కులం లెక్కలు, పాత కక్షలు అన్నీ తట్టుకుని గెలిచారు. మన దగ్గర సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, ఫలానావారు మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బీ-ఫారంతో పని లేదు. జెడ్పీటీసీ, ఎంపీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి. రిజర్వేషన్ ఉంది కాబట్టి అక్కడ ఇవే పార్టీలు మహిళా అభ్యర్థులను వెతుక్కుంటాయి, వాళ్లకు దొరుకుతారు కూడా. అదే మండలం, అదే పార్టీ, అదే మహిళ. అసెంబ్లీ ఎన్నిక వచ్చేసరికి మాత్రం ‘తగిన అభ్యర్థి లేరు’. 119 స్థానాల తెలంగాణ అసెంబ్లీకి 2023లో గెలిచిన మహిళలు పది మంది. సగం పంచాయతీలను నడిపే ఆడవాళ్లున్న రాష్ట్రంలో అసెంబ్లీకి తగినవాళ్లు కరువయ్యారంటే ఎవరు నమ్ముతారు?

సర్పంచ్ భర్తల మాటేమిటి అని అడిగేవాళ్లుంటారు. ఉన్నారు, చాలా ఊళ్లలో ఉన్నారు. చెక్కు మీద సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖే 2023లో దీనిపై ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. కాదనను. కానీ మన నియోజకవర్గాల్లో ఎమ్మెల్యే కొడుకో బావమరిదో పెత్తనం చేస్తే పత్రికలు ‘షాడో ఎమ్మెల్యే’ అని రాస్తాయి. అది చూసి మగవాళ్లకు ఇక టికెట్లు వద్దని ఎవరైనా అన్నారా? తప్పు చేసిన భర్తను పంచాయతీ ఆఫీసు నుంచి బయటికి పంపాలి. భార్య కుర్చీ తీసేయడం దానికి విరుగుడు కాదు.

పైగా కుర్చీలో కూర్చోనిస్తే ఏం జరుగుతుందో ఎవరి ఊహకూ వదలక్కర్లేదు, లెక్కలున్నాయి. ముంబయి మునిసిపల్ ఎన్నికలపై రాజనీతి శాస్త్ర పరిశోధకుడు రిఖిల్ భావ్నానీ చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. 1997లో మహిళలకు కేటాయించిన వార్డులు 2002లో జనరల్ అయ్యాయి. అలా రిజర్వేషన్ తీసేసిన వార్డుల్లో కూడా మహిళ గెలిచే అవకాశం, ఎన్నడూ రిజర్వేషన్ లేని వార్డులతో పోలిస్తే సుమారు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. ఒకసారి మహిళ గెలిచిన చోట ఓటర్లకు ఆమె పనితీరు తెలిసింది, పార్టీలకూ మహిళ గెలవగలదని తెలిసింది. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో చేసిన మరో పరిశోధన 2012లో ప్రచురితమైంది. రెండుసార్లు మహిళా ప్రధాన్‌ను, అంటే మహిళా సర్పంచ్‌ను, చూసిన ఊళ్లలో కొడుకు చదువు, ఉద్యోగంపై తల్లిదండ్రులకున్న ఆశకూ కూతురిపై ఉన్న ఆశకూ మధ్య తేడా తగ్గింది. ఆ ఊళ్ల ఆడపిల్లలు తమ గురించి తాము పెట్టుకున్న ఆశలూ పెరిగాయి. అంటే మనం ఇన్నాళ్లూ ‘ప్రోత్సాహం’ అంటున్నది ఉపన్యాసంతో పుట్టేది కాదు. పదవిలో ఉన్న ఆడమనిషిని కళ్లారా చూస్తే పుట్టేది. ముందు ధైర్యం తెచ్చుకోండి, తర్వాత సీటు చూద్దాం అంటున్నాయి పార్టీలు. జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

పార్టీలు ఎప్పుడూ చెప్పే సాకు ఇంకొకటుంది: గెలుపు గుర్రాలు. ‘మాకు మహిళలంటే గౌరవమే, కానీ సర్వేల్లో పేరు రావాలి కదా’ అంటారు. సరే, గెలుపు లెక్కే చూద్దాం. 2019లో పోటీ చేసిన మహిళల్లో పది శాతానికి పైగా గెలిస్తే, పురుషుల్లో గెలిచింది ఆరు శాతం చిల్లర. 2024లో మహిళల్లో తొమ్మిది శాతం పైన, పురుషుల్లో మళ్లీ ఆరు శాతమే. స్వతంత్రులుగా బరిలో దిగేవాళ్లలో పురుషులే ఎక్కువ కాబట్టి ఈ తేడాను కొంత తగ్గించి చదవాలి. తగ్గించి చదివినా, మహిళకు ఇస్తే సీటు పోతుందన్న వాదన నిలబడదు. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ స్థానాల్లో ఏడు మహిళలకిస్తే ఐదుగురు గెలిచారు. 2024లో బెంగాల్‌లో తృణమూల్ 12 మందిని నిలబెడితే 11 మంది గెలిచారు. ఉత్తరప్రదేశ్‌లో 2022లో కాంగ్రెస్ 40 శాతం టికెట్లు మహిళలకిచ్చి మట్టికరిచింది కదా అంటే, ఆ ఎన్నికలో ఆ పార్టీ మగ అభ్యర్థులు మాత్రం ఏం సాధించారు? మొత్తం 403లో పార్టీకి వచ్చిందే రెండు సీట్లు. అందులో ఒకటి మహిళ గెలిచిందే.

గెలుపు గుర్రం అన్నమాటకు మన రాజకీయాల్లో అసలు అర్థం డబ్బు. ఎన్నికల సంఘం మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పెట్టిన పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. వాస్తవంగా ఎంత ఖర్చవుతుందో పోలింగ్‌కు ముందు రెండు రాత్రులు ఏ నియోజకవర్గంలో ఉన్నా తెలుస్తుంది. భూమి, ఇల్లు, వ్యాపారం ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉన్న సమాజంలో ‘ఎంత పెట్టుకుంటారు?’ అన్న ప్రశ్నతో వడపోత మొదలుపెడితే ఆడవాళ్లు మొదటి జల్లెడలోనే రాలిపోతారు. మిగిలేది ఎవరు? నాయకుడి భార్య, కూతురు, కోడలు. పదవిలో ఉన్నవాడు చనిపోతే సానుభూతి టికెట్టు. ఇలా వచ్చినవాళ్లలో సమర్థులు లేరని నేననను, ఉన్నారు. కానీ ఇంటిపేరు లేని మహిళకు ఆ తలుపు తెరుచుకోదు.

ఆ మహిళలు మనకు తెలియనివాళ్లేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది ఎవరు? కూలి పనులు చేసుకునే ఆడవాళ్లు. వాళ్ల దెబ్బకు 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్య నిషేధమే పెద్ద వాగ్దానమైంది, గెలిచిన ఎన్టీఆర్ తొలి సంతకం దానిమీదే పెట్టారు. వాగ్దానాన్ని పార్టీలు తీసుకున్నాయి. దాన్ని పుట్టించిన నాయకత్వాన్ని అభ్యర్థుల జాబితాల్లోకి తీసుకున్నాయా? తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద వంటావార్పుల్లో, రాస్తారోకోల్లో కూర్చున్నవాళ్లలో మహిళలు ఎంతమందో అందరం చూశాం. 2014లో వచ్చిన తొలి మంత్రివర్గంలో, ఆ ప్రభుత్వం ఉన్నంతకాలం, ఒక్క మహిళా లేరు. ఇవాళ్టికీ ఏ బహిరంగ సభ నిండాలన్నా పొదుపు సంఘాల మహిళలు కావాలి. సభ అయ్యాక మహిళా విభాగం అనే పక్కగది ఉంది, అక్కడ కూర్చోమంటారు.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది, పార్టీలు తమంతట తాము మారవని. ఫ్రాన్స్ 2000లో అభ్యర్థుల్లో స్త్రీపురుషులు సమానంగా ఉండాలని చట్టం చేసింది, లేకపోతే ప్రభుత్వం పార్టీలకిచ్చే నిధుల్లో కోత పెట్టింది. పెద్ద పార్టీలు హాయిగా కోత భరించాయి. 2002లో అక్కడి దిగువ సభలో మహిళలు 12 శాతం దగ్గరే ఆగిపోయారు. నేపాల్‌లో మేయర్, ఉపమేయర్ అభ్యర్థుల్లో ఒకరు మహిళ కావాలంటే, పార్టీలు దాదాపు అన్నిచోట్లా ఆమెకు ‘ఉప’ పదవినే చూపించాయి. మెక్సికోలో 2009లో మరీ ఘోరం. గెలిచిన మహిళలు కొందరు రాజీనామా చేస్తే ఎన్నికలోనే వాళ్లకు జతగా నిలబెట్టిన మగ ప్రత్యామ్నాయ సభ్యులు వాళ్ల స్థానంలో వచ్చి కూర్చున్నారు. కానీ మెక్సికో అక్కడితో ఊరుకోలేదు. ప్రత్యామ్నాయ సభ్యురాలు కూడా మహిళే కావాలన్నారు. 2014లో సగం అభ్యర్థిత్వాలు మహిళలవేనని రాజ్యాంగంలో రాసుకున్నారు. పార్టీకి ఓట్లు రాని చోట్లే మహిళలను నిలబెట్టి చేతులు దులుపుకోకుండా దాన్ని కూడా చట్టంతో నిషేధించారు. 2021 నాటికి దిగువ సభలో మహిళలు సగమయ్యారు. పార్టీలు వెతికిన ప్రతి సందునూ ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోయారు, అంతే.

నన్ను ఈ విషయంలో అన్నిటికంటే కలచివేసేది మహిళల సమస్య కంటే పెద్దది. మన పార్టీలు ప్రజాస్వామ్యానికి కాపలా కాస్తామంటాయి, తమ లోపల మాత్రం దాన్ని అడుగుపెట్టనివ్వవు. బీ-ఫారం మీద పార్టీ అధ్యక్షుడో, ఆయన అధికారమిచ్చిన మనిషో సంతకం పెడితే ఒకరు అభ్యర్థి అవుతారు. ఆ సంతకానికి ముందు సభ్యుల ఓటింగ్ ఉండదు, కారణాలు రాసుకునే కాగితం ఉండదు, అప్పీలు ఉండదు. టికెట్ కావాలంటే రాజధాని చుట్టూ నెలల తరబడి తిరగాలి, అర్ధరాత్రి మంతనాలకు పిలిస్తే పోవాలి, పైవాళ్ల చుట్టూ ఉన్న పది మందినీ ప్రసన్నం చేసుకోవాలి. పిల్లలను చూసుకుంటూ, ఊరి మాట పడకుండా బతకాల్సిన మహిళ ఈ పోటీ మొదలుకాకముందే ఓడిపోతుంది. ఆమెతోపాటు పేద యువకుడూ ఓడిపోతాడు, సంఖ్యాబలం లేని కులాలవాడూ ఓడిపోతాడు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో పార్టీల నమోదుకు 29ఏ సెక్షన్ ఉంది. రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి విధేయులమని అక్కడ రాసిస్తే చాలు. అభ్యర్థిని ఎలా ఎంచుకుంటారని అడిగే దిక్కు లేదు. నమోదు చేసుకున్న పార్టీ మాట తప్పితే సాధారణంగా ఆ నమోదును రద్దుచేసే అధికారం కూడా ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చట్టం మారాల్సిందే.

దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. 1996 నుంచి 2001 వరకు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న ఎం.ఎస్.గిల్ కాలంలోనే ఒక ప్రతిపాదన వచ్చింది. గుర్తింపు నిలుపుకోవాలంటే ప్రతి పార్టీ నిర్ణీత శాతం టికెట్లు మహిళలకు ఇచ్చి తీరాలి. సీట్ల రిజర్వేషన్‌కు బదులుగా దీన్ని ముందుకు తేవడం వల్ల మహిళా సంఘాలు అనుమానించాయి, అనుమానించడం న్యాయమే. ఓడిపోయే సీట్లు అంటగడతారన్న భయమూ నిజమైనదే. ఇప్పుడు రిజర్వేషన్ రాజ్యాంగంలోకి ఎక్కింది. దానికి బదులుగా కాకుండా, దానికి తోడుగా గిల్ సూత్రాన్ని చట్టం చేయవచ్చు. ఓడే సీట్ల బెడదకు మెక్సికో నిబంధనను జోడించవచ్చు. దీనికి జనగణన అక్కర్లేదు, పునర్విభజన అక్కర్లేదు, ఏ నియోజకవర్గం సరిహద్దూ కదలక్కర్లేదు.

చట్టం వచ్చేదాకా పార్టీలు ఒక పని చేయవచ్చు. 2023 తెలంగాణ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ ఫీజు కట్టించుకుని ఆశావహుల దరఖాస్తులు తీసుకుంది, వెయ్యికి పైగా వచ్చాయి. మిగతా పార్టీలూ అలాగే దరఖాస్తులు తీసుకోవాలి. ఏ నియోజకవర్గంలో ఎంతమంది మహిళలు టికెట్ అడిగారో, ఎంతమందికి ఇచ్చారో, కాదన్నవాళ్లకు ఏ కారణం చెప్పారో అన్ని పార్టీలూ తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. ఆడవాళ్లు ముందుకు రావడం లేదన్న మాట నిజమైతే ఆ జాబితాలే పార్టీలకు సాక్ష్యమవుతాయి. సర్పంచ్‌లుగా, ఎంపీపీలుగా, కౌన్సిలర్లుగా పనిచేసిన మహిళలు తమ పార్టీల జిల్లా సమావేశాల్లో లేచి ఈ లెక్క అడగాలి. నోటిఫికేషన్ వచ్చాక అడిగితే లాభం లేదు. పేర్లు ఖాయమయ్యేది దానికి చాలా ముందే.